గొట్థార్డ్ టన్నెల్: ఆ 15 కిలోమీటర్లు ఎవరు తవ్వారు?

స్విట్జర్లాండ్‌లో రైలు జర్నీ అనగానే మనకు మంచుకొండల రీల్సే గుర్తొస్తాయి. జూరిక్ నుంచి దక్షిణాన లుగానో వెళ్లాలంటే ఇప్పుడు దాదాపు రెండు గంటలే. 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల కొత్త టన్నెల్‌లోంచి రైలు దూసుకుపోతుంది. కానీ నా మాట వింటే, టైమ్ ఉంటే పాత లైన్ ఎక్కండి. వాసెన్ అనే ఊళ్లో ఒక చర్చి ఉంది. రైలు కొండలోపల మెలికలు తిరుగుతూ పైకెక్కుతుంది కదా, అదే చర్చి మనకు మూడుసార్లు కనిపిస్తుంది. ఆ తర్వాత గోషెనెన్. పాత టన్నెల్ అక్కడే మొదలు.

పని 1872లో మొదలైంది. కాంట్రాక్టర్ లూయీ ఫావ్ర్. ఎనిమిదేళ్లలో పూర్తి చేస్తానని ఒప్పుకున్నాడు, లేటైతే జరిమానా. మరి ఆ ఒత్తిడి ఎవరి మీద పడింది? ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కూలీల మీద. లోపల 30 డిగ్రీలు దాటిన వేడి, డైనమైట్ పొగ, మురికినీళ్లు. కడుపులో కొంకి పురుగులు చేరి, ఒంట్లో రక్తం లేక పాలిపోయేవాళ్లు. 1875లో సమ్మె చేస్తే కాల్పులు జరిపారు, నలుగురు చనిపోయారు. ప్రమాదాల్లో పోయినవాళ్లు, లెక్కకు వచ్చినంతవరకే, 170కి పైనే.

ఫావ్ర్ కూడా 1879లో టన్నెల్ లోపలే కుప్పకూలి చనిపోయాడు. మరుసటి ఏడాది రెండువైపుల తవ్వకం కలిసినప్పుడు, ఆ కన్నంలోంచి ముందుగా అవతలికి పంపింది ఆయన ఫొటోనే. కూలీల ఫొటో ఎవరు పంపుతారు చెప్పండి!

1882లో రైళ్లు మొదలయ్యాయి. విన్సెంజో వేలా అనే శిల్పి మాత్రం, ఎవరూ అడక్కుండానే, చనిపోయిన కూలీని మోసుకెళ్తున్న తోటివాళ్లను శిల్పంగా మలిచాడు. దాని కంచు ప్రతి టన్నెల్ అవతల ఐరోలో స్టేషన్ దగ్గర ఉంది. అక్కడ ఒకసారి దిగండి.