కోనసీమలో ఉన్నత విద్యావ్యయం: వారాల భోజనం నుండి తనఖా రుణం వరకు

ఉపోద్ఘాతం

పేరుపొందిన విశ్వవిద్యాలయాల్లోనూ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లోనూ బోధనా రుసుములు సామాన్యునికి అందనంతగా పెరగడాన్ని సరళీకరణానంతర పరిణామంగా పరిగణించడం పరిపాటి. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం దాకా వ్యాపించిన కోనసీమ అనుభవం ఈ అభిప్రాయాన్ని కొంత సవరిస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల వారికి పై చదువు ఏనాడూ చవక కాదు. కాలక్రమంలో మారినది ఆ వ్యయభారాన్ని మోసే భుజమే. ఆ భుజం ఎవరిది, దాని అండ ఎవరికి దక్కలేదు అన్నవే ఇక్కడ పరిశీలనాంశాలు.

వారాలు, రేవులు

కోనసీమ అగ్రహారాల్లో వేదవిద్యకు రుసుము లేదు. విద్యార్థి మధుకరం ఎత్తుకొనేవాడు, లేదా వారాలు చేసుకొనేవాడు. వారానికొక రోజు చొప్పున ఏడు ఇళ్ళలో భోజనం కుదుర్చుకోవడమే వారాల పద్ధతి. ఒక ఇల్లు తప్పిపోతే ఆ రోజు పస్తే. ఇంగ్లీషు చదువులు వచ్చిన తరువాత ఇదే ఏర్పాటు రాజమహేంద్రవరం, కాకినాడ పట్టణాలకు తరలింది. వారాలబ్బాయి తెలుగు కథల్లోనూ స్వీయచరిత్రల్లోనూ తరచుగా కనిపించే పాత్ర కావడానికి కారణమిదే. ఈ పద్ధతిని సమాజ ఔదార్యానికి గుర్తుగా తలచుకొనేవారు ఎక్కువ. ఆ ప్రశంస పూర్తిగా అర్హమైనది కాదు. అది పంక్తి నియమాలకు లోబడిన ఔదార్యం. గడప దాటనివ్వని కులాల పిల్లలకు వారం కుదిరే ప్రసక్తే లేదు. ఆడపిల్లల మాట అసలే లేదు. రుసుము లేనంత మాత్రాన చదువు అందరిదీ కాలేదు.

1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, నగరం లంకకు నీరందించిన గన్నవరం అక్విడక్టు ఈ సీమ ఆర్థికస్థితిని మార్చాయి. వరి, కొబ్బరి మిగిల్చిన సొమ్ముతో భూవసతి ఉన్న కుటుంబాలు పిల్లలను రేవు దాటించి రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు, 1884లో ఏర్పడిన కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు పంపగలిగాయి. కాకినాడలో రుసుము భారాన్ని కొంతవరకు సంస్థానం భరించింది. 1919 వరకు ఆ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు, పిఠాపురం రాజా సూర్యారావు బహద్దూరు పేద విద్యార్థులకు చేసిన సాయం సుప్రసిద్ధం. వారాల పద్ధతి విధించిన కులపు హద్దు ఇక్కడ కొంత సడలింది. అయినా దాత ఇష్టమే దానికి ఆధారం. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1950ల తొలినాళ్ళలో అమలాపురంలో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల ఏర్పడ్డాక డిగ్రీ చదువుకు రేవు దాటే అవసరం తగ్గింది.

దానం నుండి హక్కుకు

ఈ సీమ నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఆ పేరుగల వ్యక్తి 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళగలగడానికి కారణం బరోడా మహారాజు ఇచ్చిన ఉపకారవేతనం: నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళపాటు. ఒక ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయపు వ్యయాన్ని స్వయంగా ఎరిగిన ఆయన వైస్రాయి కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకారవేతనాలు ఆరంభమయ్యాయి. సంస్థానాధీశుని దయగా దొరికినది ప్రభుత్వ బాధ్యతగా మారిన ఘట్టమిది. తరువాతి కాలంలో సాంఘిక సంక్షేమ వసతిగృహాలు దీనికి తోడయ్యాయి. గౌతమి ఒడ్డున ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి కాకినాడలోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ చదివి, న్యాయవాదియై, 1998లో లోక్‌సభ స్పీకరు కావడం ప్రభుత్వ విద్య బలంగా ఉన్న దశకు చెందిన చరిత్ర.

డొనేషన్ల కాలం

వైద్య, ఇంజనీరింగు విద్యలకు గిరాకీ పెరిగినంతగా ప్రభుత్వ సీట్లు పెరగలేదు. కోస్తా జిల్లాల భూస్వామ్య కుటుంబాలు కర్ణాటక కళాశాలలకు డొనేషన్లు కట్టి పిల్లలను పంపాయి. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల రాకతో ఆ మార్గం రాష్ట్రంలోనూ తెరుచుకుంది. 1983లో క్యాపిటేషన్ రుసుమును నిషేధిస్తూ రాష్ట్రం చట్టం చేసింది. 1992లో ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు అనుమతులిచ్చిన తీరును హైకోర్టు తప్పుపట్టడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవలసి వచ్చింది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సగం సీట్లు ఉచితం, సగం చెల్లింపు అని పంచింది. 2002 నాటి టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పంపకాన్నీ తొలగించింది.

కోనసీమలో ఈ మార్పు ఒక విపత్తుతో ఢీకొన్నది. 1996 నవంబరు 6 నాటి తుపానుకు లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలాయి. నాటు రకం మొక్క మళ్ళీ కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. సరిగ్గా ఆ ఆరేడేళ్ళలోనే రాష్ట్రంలో ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు విస్తరించాయి. ఓడలరేవు వంటి తీరగ్రామంలోనూ కళాశాల వెలిసింది. సీటు ఇంటి ముంగిటికి వచ్చేసరికి దాన్ని కొనవలసిన తోట లేదు. రాజోలు వైపు కుటుంబాల్లో గల్ఫ్ సంపాదన, ముఖ్యంగా ఇంటిపనికి వెళ్ళిన స్త్రీల సంపాదన, పిల్లల చదువులకు ఆధారమైన తీరును ఈ నేపథ్యంలో చూడాలి. 2008 ప్రాంతంలో మొదలైన బోధనా రుసుముల చెల్లింపు పథకం వెనుకబడిన తరగతులకూ విస్తరించి పెద్ద ఊరటనిచ్చిన మాట నిజం.

పేరే హామీ

దేశంలోని అగ్రశ్రేణి సంస్థల పోకడ వేరు. 2004 ఫిబ్రవరిలో కేంద్రం ఐఐఎంల వార్షిక రుసుమును సుమారు లక్షన్నర నుండి 30 వేలకు తగ్గించమని ఆదేశించింది. స్వయంప్రతిపత్తి పేరిట తీవ్ర వ్యతిరేకత వచ్చింది. ఆ వేసవిలో ప్రభుత్వం మారాక ఆదేశం అమలు కాలేదు. నేడు అహ్మదాబాదు ఐఐఎంలో రెండేళ్ళ చదువుకు 20 లక్షలు దాటుతుంది. దీన్ని కొబ్బరి లెక్కలో చూడవచ్చు. ఎకరానికి 60 చెట్లు, చెట్టుకు ఏడాదికి 80 కాయలు, కాయ 10 రూపాయలు అనుకుంటే రాబడి 48 వేలు. దింపు, ఒలుపు కూలి తీయకుండానే, 20 లక్షలంటే ఆ ఎకరం తోటకు నలభై ఏళ్ళకు పైబడిన పంట.

ఐఐఎంలో సీటు వచ్చినవారికి బ్యాంకులు ఆస్తి హామీ లేకుండానే అప్పిస్తున్నాయి. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకం 860 సంస్థలకు ఆ సౌకర్యాన్ని విస్తరించింది. అంటే సంస్థ పేరే హామీ. ఆ జాబితాలో లేని సంస్థల్లోనూ విదేశాల్లోనూ చేరేవారి స్థితి అది కాదు. 2001 నుండి అమలులో ఉన్న నమూనా విద్యారుణ విధానంలో ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు ఆస్తి చూపాలి. 2020 డిసెంబరు నాటి 77వ నంబరు జీవో ప్రైవేటు కళాశాలల పీజీ కోర్సులకు రుసుముల చెల్లింపును నిలిపివేసింది. ఎంబీఏ చేయదలచిన పేద పట్టభద్రునికి ఆ దారి మూసుకుపోయింది. అదే ప్రభుత్వం ప్రపంచ ర్యాంకింగుల్లో ముందున్న విశ్వవిద్యాలయాల్లో సీటు పొందినవారికి కోటి రూపాయలకు పైగా ఇస్తామన్నది. చిట్టచివరి మెట్టుకు నిచ్చెన వేసి మధ్యమెట్లు తీసివేసినట్టయింది.

ఆస్తి చూపగలిగేవారెవరన్న ప్రశ్న కోనసీమలో సూటిగా భూమి దగ్గరికే వస్తుంది. ఇక్కడ సాగుదారుల్లో కౌలు రైతులే అధికం. గిట్టుబాటు కాక 2011 ఖరీఫులో ఈ సీమ పంట విరామం ప్రకటించింది. అదే సంవత్సరం వచ్చిన చట్టం కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది. ఆ కార్డు భూమిపై ఏ హక్కునూ ఇవ్వలేదు. దానిపై పంట అప్పు పుట్టే వీలుండేది గాని, చదువు అప్పుకు అది తనఖా కాలేదు.