ట్యాన్ పోతుందని ట్యూబ్ క్రీమ్ రాస్తున్నారా? ఆపాకే అసలు సమస్య మొదలు!

విదేశాల్లో కొందరు డబ్బులు కట్టి మరీ మెషీన్‌లో పడుకుని చర్మాన్ని నల్లబరుచుకుంటారు. దాన్నే ఇండోర్ ట్యానింగ్ అంటారు. మన దగ్గర సీన్ రివర్స్. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల్లో ఎండకు కమిలిన రంగు ఎలా పోతుందా అన్నదే గోల. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడితే ఈ హడావుడి ఇంకా ఎక్కువ. రెండు చోట్లా చివరికి దెబ్బతినేది చర్మమే.

అసలు ట్యాన్ అంటే ఏంటి?

ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం మెలనిన్ అనే రంగు పదార్థాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. లోపలి కణాలకు అది గొడుగు లాంటిది. అంటే ట్యాన్ రోగం కాదు, మురికి అంతకన్నా కాదు. చర్మం తనను తాను కాపాడుకునే పద్ధతి. ఎండ తగలడం తగ్గితే వారాలు, నెలల్లో అదే తగ్గుతుంది.

ట్యానింగ్ మెషీన్లు ఇవే కిరణాలను దగ్గర నుంచి, గట్టిగా చర్మం మీదకు వదులుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2009లో వీటిని క్యాన్సర్ కారకాల్లో మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకు ఉన్నదీ అదే గ్రూపులో. బొల్లికి ఆస్పత్రిలో ఇచ్చే లైట్ ట్రీట్‌మెంట్ మాత్రం వేరు. అక్కడ డాక్టర్ డోసు లెక్కగట్టి ఇస్తారు, కాబట్టి భయపడి మధ్యలో మానేయొద్దు.

మన దగ్గర ప్రమాదం ట్యూబ్‌లో ఉంది

గిలకలదిండిలో వేటకెళ్లేవాళ్లు, నాగాయలంక, కోడూరు వైపు చెరువుల మీద పనిచేసేవాళ్లు, వరి చేలో కూలీలు రోజంతా ఎండలోనే ఉంటారు. బైక్ మీద కాలేజీకి వెళ్లే పిల్లలకూ చేతులు, ముఖం కమిలిపోతాయి. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు.. "మెడికల్ షాపులో ఫలానా ట్యూబ్ అడుగు, వారంలో తెల్లబడతావ్" అని.

నిజంగానే కొద్ది రోజుల్లో ముఖం తేటగా కనిపిస్తుంది. ఎందుకంటే చాలా ట్యూబుల్లో ఉండేది స్టెరాయిడ్. అది రక్తనాళాలను కుదించి, మెలనిన్ తయారీని తగ్గిస్తుంది. కానీ నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. సన్నటి ఎర్ర నరాలు బయటపడతాయి. మొటిమలు వస్తాయి, ఆడవాళ్లకు ముఖం మీద వెంట్రుకలు పెరుగుతాయి.

అసలు ఉచ్చు ఆపినప్పుడు తెలుస్తుంది. క్రీమ్ ఆపిన కొద్ది రోజులకే ముఖం ఎర్రగా మారి, మంట, దురద మొదలవుతాయి. "చూశావా, క్రీమ్ మానేస్తే ఇలా అయింది" అనుకుని మళ్లీ రాస్తారు. తగ్గుతుంది. మళ్లీ ఆపితే ఇంకా ఎక్కువవుతుంది. మందు వల్ల వచ్చిన జబ్బుకు అదే మందు రాస్తూ ఏళ్లు గడిచిపోతాయి.

తడిలో పనిచేసేవాళ్లకు వచ్చే తామర సంగతీ ఇంతే. స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాస్తే దురద ఆగుతుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది.

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు.

పాదరసం ఉంటే కిడ్నీకి ముప్పు

పేరూ ఊరూ లేని డబ్బాల్లో వచ్చే కొన్ని ఫెయిర్‌నెస్ క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మం నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీల్లోకి చేరుతుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ సమస్యతో వచ్చిన కొందరిని ఆరా తీస్తే ఇలాంటి క్రీములు వాడినట్టు తేలింది. కాళ్ల వాపు, మూత్రంలో ఎక్కువగా నురగ కనిపిస్తే క్రీమ్ సంగతి కూడా డాక్టర్‌కు తప్పక చెప్పండి.

కొనే ముందు ఇవి చూడండి

* లేబుల్ మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. సొంతంగా ముఖానికి రాయొద్దు.
* తయారీదారు పేరు, లైసెన్స్ నంబర్, లోపల ఏమున్నాయో రాయని డబ్బా కొనొద్దు.
* "వారంలో తెలుపు గ్యారంటీ" అంటే అనుమానించాల్సిందే.

ఇప్పటికే వాడుతుంటే?

సిగ్గుపడకండి, ట్యూబ్ పారేయకండి. దాన్ని వెంట తీసుకెళ్లి చర్మ వైద్యుడికి చూపించండి. కొందరికి ఒక్కసారే ఆపిస్తారు, కొందరికి పవర్ తగ్గిస్తూ మాన్పిస్తారు. అది డాక్టరే తేల్చాలి. ముఖం తేరుకోవడానికి నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టాలి. వెళ్లడం కుదరకపోతే ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడొచ్చు.

ఎండ నుంచి కాపాడుకోవాలంటే

మన చర్మంలో మెలనిన్ ఎక్కువ కాబట్టి చర్మ క్యాన్సర్ ముప్పు తెల్లవాళ్ల కంటే తక్కువే. అలాగని ఎండ ఏమీ చేయదనుకోవద్దు. మంగు మచ్చలు, ముడతలు, కంట్లో కండ పెరగడం మనకూ తప్పవు. ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు వీలైనంత నీడ పట్టున ఉండండి. పని తప్పదంటే తలపాగా, పొడుగు చేతుల చొక్కా వాడండి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి రాయండి. నీళ్ల మీద పడిన ఎండ తిరిగి ముఖానికి కొడుతుంది కాబట్టి పడవ మీద, చెరువు గట్టు మీద టోపీ ఒక్కటే చాలదు.

పెళ్లికూతురికి నలుగు పెట్టండి, సున్నిపిండి రాయండి. "కాస్త రంగొస్తే బాగుండు" అనే మాట మాత్రం పిల్లల ముందు అనకండి. చాలా ఇళ్లలో ట్యూబ్ కొనేది ఆ మాట విన్నాకే.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా వైద్యుడిని సంప్రదించండి.)