పెరుగు బాక్టీరియా: పేగుల్లో మనుగడ, ఎంజైములు

పాలను పెరుగు చేసే బాక్టీరియా మన పేగుల్లోకి ప్రాణంతో చేరుతుందా, చేరితే అక్కడ నిలుస్తుందా అన్నది నూరేళ్లకు పైబడిన చర్చ. జవాబు మాత్రం మొదట వెతికిన చోట దొరకలేదు.

1899లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆన్రీ టిసియే తల్లిపాలు తాగే పసిపిల్లల మలంలో పంగలకర్రలా చీలిన బాక్టీరియాను గుర్తించాడు. నేటి బిఫిడోబాక్టీరియం అదే. 1905లో బల్గేరియా వైద్యవిద్యార్థి స్టామెన్ గ్రిగొరోవ్ జెనీవాలో తన దేశపు పెరుగు నుంచి మరో బాక్టీరియాను వేరుచేశాడు. దానికి బల్గేరికస్ అన్న పేరు స్థిరపడింది. 1908లో నోబెల్ బహుమతి పొందిన ఇల్యా మెచ్నికోవ్, పెద్దపేగులో కుళ్లు పుట్టించే సూక్ష్మజీవులే ముసలితనాన్ని తొందరపెడతాయని భావించాడు. పులిసిన పాలలోని బాక్టీరియా పేగుల్లో నిలిచి తన ఆమ్లంతో వాటిని అణచివేస్తుందని నమ్మి, తానూ రోజూ ఆ పాలు తాగేవాడు.

ఆ నమ్మకం ఎక్కువ కాలం నిలవలేదు. బల్గేరికస్ మనిషి పేగుల్లో కాపురం పెట్టదని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో లియో రెట్గర్ చూపాడు. 1921లో వెలువడిన పుస్తకంలో అతను, సహరచయిత చెప్లిన్ దానికి బదులుగా అసిడోఫిలస్ అనే బాక్టీరియాను ముందుకు తెచ్చారు. జపాన్‌లో మినోరు షిరోటా 1930లో జఠరామ్లాన్నీ పైత్యరసాన్నీ తట్టుకునే రకాన్ని ఎంచి పెంచాడు. 1935లో అది యాకుల్ట్ పేరుతో అమ్మకానికి వచ్చింది.

పైత్యరసం సబ్బులాంటిది, బాక్టీరియా పైపొరలోని కొవ్వును కరిగిస్తుంది. పేగుల్లో బతికే లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియా రకాలు చాలావాటిలో పైత్య లవణాలను విడగొట్టే ఎంజైము ఉంటుంది. వాటి ఓర్పులో దానికీ పాత్ర ఉందని భావిస్తారు.

అసలు మలుపు 1984లో వచ్చింది. పాలచక్కెర (లాక్టోజ్) అరగనివారికి అమెరికా పరిశోధకులు ఒకసారి పెరుగు, మరోసారి పాలు ఇచ్చి, ఊపిరిలో హైడ్రోజన్‌ను కొలిచారు. అరగని చక్కెరను పెద్దపేగు బాక్టీరియా పులియబెడితే ఆ వాయువు పుడుతుంది. రెంటిలోనూ లాక్టోజ్ దాదాపు ఒకే మోతాదైనా, పెరుగు తిన్నప్పుడు హైడ్రోజన్ మూడోవంతే వెలువడింది. కారణం బాక్టీరియా తయారుచేసిన లాక్టేజ్ అనే ఎంజైము. కణం లోపల ఉన్నందున అది జఠరరసానికి చిక్కకుండా చిన్నపేగు దాకా వస్తుంది. అక్కడ పైత్యరసం కణం పొరను గుల్ల చేయగానే లాక్టోజ్‌ను విడగొట్టే పని సాగుతుంది. అంటే మెచ్నికోవ్ ఆశించిన శాశ్వత నివాసం అవసరమే లేదు. దారిలో పోయే బాక్టీరియా కూడా ఉపకారం చేస్తుంది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే.

2010లో యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ ఈ ప్రయోజనాన్ని అంగీకరించి, గ్రాము పెరుగులో కనీసం 10 కోట్ల జీవ బాక్టీరియా ఉండాలని షరతు పెట్టింది. మన ఇళ్లలో తోడు ఇంటింటికీ వేరు, అందులోని బాక్టీరియా రకాలూ వేరు. ఆ లెక్కను ఇంటి పెరుగుకు నేరుగా అంటగట్టకూడదు. మజ్జిగ పులుసులా మరిగించిన పెరుగులో మాత్రం బాక్టీరియా చనిపోతుంది, లాక్టేజ్ కూడా పనిచేయదు.