పీఎస్ఏ అంకె వెనుక చరిత్ర: ప్రోస్టేట్ క్యాన్సర్ హార్మోన్ చికిత్స, సికింద్రాబాద్

ప్రోస్టేట్ గ్రంథి మగవారిలో మూత్రాశయానికి దిగువన, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. దీనికి వచ్చే క్యాన్సర్ కణాలు పెరగడానికి టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ ఊతమిస్తుంది. ఆ హార్మోన్‌ను అణచిపెట్టడమే హార్మోన్ చికిత్స. జబ్బు ఎముకలకు పాకాక ఈ చికిత్స దాన్ని పూర్తిగా తుడిచిపెట్టదు. నెలలు, ఏళ్ల తరబడి అదుపులో ఉంచుతుంది. అందుకే మందు మొదలైన నాటి నుంచి అది పనిచేస్తోందా లేదా అన్నది తేల్చే రక్తపరీక్ష కూడా చికిత్సలో భాగమైపోతుంది. ఈ వైద్యం చరిత్రలో మందు, కొలత జంటగా నడిచాయి. కొత్త కొలత దొరికినప్పుడల్లా మందు వాడే తీరు మారింది. కొత్త మందు వచ్చినప్పుడల్లా కొలవాల్సినవి పెరిగాయి.

ఇది ఎక్కువగా అరవై దాటిన వారికి వచ్చే జబ్బు. రైల్వే, సైన్యం నుంచి రిటైరైన వారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన సికింద్రాబాద్‌లో ఈ చరిత్రకు స్థానికమైన పార్శ్వం కూడా ఉంది. మూడో నిజాం సికందర్ జా పేరిట 1806లో ఈ పేరు పొందిన ఊరు బ్రిటిష్ కంటోన్మెంటుగా పెరిగింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దాని ప్రధాన కేంద్రమైంది. ఇక్కడి వైద్య వ్యవస్థలో మంచి భాగం ఈ రెండు కొలువుల చుట్టూనే అల్లుకుంది.

తొలి కొలత: యాసిడ్ ఫాస్ఫటేజ్

1930లలో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గట్‌మన్ దంపతులు యాసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును పరిశీలించారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిన వారి రక్తంలో అది పెరుగుతుందని 1938లో చూపించారు. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న చార్లెస్ హగ్గిన్స్‌కు ఇది పనికొచ్చింది. వృషణాలు తొలగిస్తే కుక్కల్లో ప్రోస్టేట్ కుంచించుకుపోతుందని ఆయన అప్పటికే గమనించారు. 1941లో క్లారెన్స్ హాడ్జెస్‌తో కలిసి అదే శస్త్రచికిత్సను ముదిరిన క్యాన్సర్ రోగులకు చేశారు. రక్తంలో ఎంజైము పడిపోయింది; చాలామందికి ఎముకల నొప్పి తగ్గింది. టెస్టోస్టిరాన్ ఇస్తే అదే ఎంజైము మళ్లీ పెరిగింది. క్యాన్సర్ హార్మోన్ మాట వింటుందని రుజువైంది ఆ రక్తపరీక్ష వల్లే. ఈ కృషికి హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది.

శస్త్రచికిత్సకు ప్రత్యామ్నాయంగా స్త్రీ హార్మోన్‌ను పోలిన స్టిల్‌బెస్ట్రాల్ మాత్రలు వాడుకలోకి వచ్చాయి. లండన్‌లో చార్లెస్ డాడ్స్ 1938లో తయారుచేసిన ఈ మందు చవక. అయితే అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 1960లలో జరిగిన పరిశోధనలో అనుకోనిది బయటపడింది. రోజుకు 5 మిల్లీగ్రాములు వాడిన వారిలో క్యాన్సర్ మరణాలు తగ్గినా గుండెజబ్బు మరణాలు పెరిగాయి. క్యాన్సర్ అంకె ఒక్కటే చూస్తే చాలదని, మిగతా ఒళ్లు కూడా కనిపెట్టి ఉండాలని ఆనాడే తేలింది.

జంటనగరాల ఆసుపత్రులు

సికింద్రాబాద్‌లో 1851లో చిన్న వైద్యశాలగా మొదలైన ఆసుపత్రి తర్వాత కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ ఆసుపత్రి అయింది. 1954లో గాంధీ వైద్య కళాశాల ఏర్పడింది. 1958లో ఆసుపత్రికి కూడా గాంధీ పేరు పెట్టారు. రైల్వే స్టేషన్ దగ్గర దశాబ్దాల పాటు నడిచిన ఈ ఆసుపత్రి 2003లో ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలంలో కట్టిన భవనాల్లోకి మారింది. క్యాన్సర్‌కు ప్రత్యేక వైద్యం మాత్రం హైదరాబాద్ వైపు మొదలైంది. మెహదీ నవాజ్ జంగ్ చొరవతో 1955లో ఏర్పడిన రేడియం ఇన్‌స్టిట్యూట్, క్యాన్సర్ ఆసుపత్రి రెడ్‌హిల్స్‌లో ఇప్పుడు ఆయన పేరుతోనే ఎంఎన్‌జే ఆసుపత్రిగా నడుస్తోంది. ఎముకలకు పాకిన చోట నొప్పి తగ్గించే రేడియేషన్‌కు పేద రోగులకు ఇదే పెద్ద దిక్కయింది.

భారతదేశమంతటా లాగే ఇక్కడా వృషణాల తొలగింపు చాలాకాలం ప్రధాన చికిత్సగా నిలిచింది. అది చిన్న శస్త్రచికిత్స, ఖర్చు తక్కువ. టెస్టోస్టిరాన్ ఒక్క రోజులోనే అడుగంటుతుంది. పైగా నెలనెలా సూది కోసం పల్లె నుంచి పట్నం రావాల్సిన పని ఉండదు. మగతనం పోయిందన్న బెంగ తగ్గించడానికి పై పొర ఉంచి లోపలి కణజాలం మాత్రమే తీసే పద్ధతి కూడా ఉంది. సూదులు వచ్చాక కూడా ఈ శస్త్రచికిత్స మూలపడలేదు. మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రాలేని వారికి ఇప్పటికీ అది సరైన దారే.

ఒకే ఏడాది, ఒకే బహుమతి

1977 వైద్య నోబెల్ బహుమతి ఈ చరిత్రలో మలుపు. మెదడులోని హైపోథలామస్ నుంచి వెలువడే హార్మోన్లను గుర్తించిన రోజర్ గిల్లెమిన్, ఆండ్రూ షాలీలకు అందులో సగం దక్కింది. రక్తంలో అతి సూక్ష్మమైన పదార్థాలను కొలిచే రేడియో ఇమ్యునో అస్సే పద్ధతిని సాల్మన్ బెర్సన్‌తో కలిసి రూపొందించిన రోజలిన్ యాలోకు మిగతా సగం దక్కింది. మొదటిది కొత్త మందుకు దారి తీసింది, రెండోది కొత్త కొలతకు.

షాలీ బృందం గుర్తించిన ఎల్‌హెచ్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ పిట్యూటరీ గ్రంథిని తట్టిలేపుతుంది. పిట్యూటరీ వృషణాలకు సంకేతం పంపుతుంది. ఈ హార్మోన్ శరీరంలో సహజంగా విడతలు విడతలుగా వెలువడుతుంది. దాన్ని పోలిన మందును ఎడతెరిపి లేకుండా ఇస్తే పిట్యూటరీ మొదట రెచ్చిపోతుంది, ఆ తర్వాత స్పందించడం మానేస్తుంది. మూడు నాలుగు వారాల్లో టెస్టోస్టిరాన్ శస్త్రచికిత్స చేసినంతగా పడిపోతుంది. ఈ కోవలోని ల్యూప్రోలైడ్‌కు అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది. గోసెరెలిన్‌ను బియ్యపు గింజంత గుళికగా పొట్ట చర్మం కింద పెడతారు. అది నెల లేదా మూడు నెలల పాటు కొద్దికొద్దిగా కరుగుతుంది. మొదటి రోజుల్లో టెస్టోస్టిరాన్ ఎగబాకి, వెన్నెముకలో గడ్డలున్న వారికి కాళ్లు పడిపోయే ప్రమాదం ఉండటంతో తొలి వారాల్లో బైకాలుటమైడ్ వంటి మాత్రలు జోడించడం ఆనవాయితీ అయింది. తొలి ఎగుడు లేకుండానే హార్మోన్‌ను దించే డెగరెలిక్స్ 2008లో వచ్చింది.

పీఎస్ఏ రాక

న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలోని రోస్‌వెల్ పార్క్ సంస్థలో 1979లో మింగ్ వాంగ్, టి. మింగ్ చు బృందం ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ఒక ప్రోటీనును శుద్ధి చేసింది. అదే ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్, వాడుకలో పీఎస్ఏ. 1986లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి జబ్బు ఉందో లేదో కనిపెట్టడానికి కాదు, అప్పటికే క్యాన్సర్ ఉన్నవారిని గమనించడానికి. కొత్తగా జబ్బు పట్టుకోవడానికి తోడుగా వాడే అనుమతి 1994లో గాని రాలేదు. హెల్త్ చెకప్ పరీక్షగా ఇప్పుడు అందరికీ తెలిసిన పీఎస్ఏ పుట్టింది ఫలితాల గమనింపు కోసమే. యాసిడ్ ఫాస్ఫటేజ్ కంటే ఇది ఎంతో సున్నితం కావడంతో పాత పరీక్ష వెనక్కి తగ్గింది.

రిపోర్టులో ఈ పరీక్ష ఒకే వరుసలో ఉంటుంది: పరీక్ష పేరు, వచ్చిన విలువ, నానోగ్రామ్/మిల్లీలీటర్ అనే కొలత, పక్కన 0–4 అనే సాధారణ పరిధి. హార్మోన్ చికిత్సలో ఉన్నవారికి ఆ పరిధి వర్తించదు. అది జబ్బు లేని మగవారిని బట్టి నిర్ణయించింది. సూది తీసుకుంటున్న వ్యక్తికి 3.5 వస్తే కాగితం మీద నార్మల్‌గానే కనిపిస్తుంది. అంతకుముందు 0.1, ఆ తర్వాత 0.9 ఉండి ఇప్పుడు 3.5 అయితే మాత్రం మందు పట్టు సడలుతోందని అర్థం. అదే వ్యక్తికి 200 నుంచి 3.5కు దిగితే మంచి కబురే. అందుకే విడి రిపోర్టు కన్నా తేదీల వారీగా రాసి పెట్టుకున్న పట్టిక విలువైనది. ల్యాబులు వాడే కిట్లను బట్టి విలువలు కొంత మారతాయి కాబట్టి వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించడం మేలు.

చికిత్సలో పీఎస్ఏ చేరిన అతి తక్కువ విలువను నాడిర్ అంటారు. క్యాన్సర్ ఇతర భాగాలకు పాకినవారిపై అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఏడు నెలల చికిత్స తర్వాత పీఎస్ఏ 4 దాటి ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం 13 నెలలు. 0.2 నుంచి 4 మధ్య ఉన్నవారికి 44 నెలలు, 0.2 లోపు దిగినవారికి 75 నెలలు. కొత్త మందులు రాకముందు లెక్కలివి. అయినా తొలి నెలల్లో పీఎస్ఏ ఎంత లోతుకు దిగిందన్నది ఎందుకంత ముఖ్యమో వీటిని బట్టి తెలుస్తుంది.

పీఎస్ఏ పెరిగితే ముందుగా చూడాల్సింది టెస్టోస్టిరాన్. డెసీలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలన్నది పాత ప్రమాణం. 20 లోపు ఉంటే మరీ మంచిదని నేటి అభిప్రాయం. సూది ఆలస్యమై హార్మోన్ పెరిగి ఉంటే తప్పు మందుది కాదు, తేదీది. హార్మోన్ అడుగునే ఉండి పీఎస్ఏ పెరుగుతుంటే క్యాన్సర్ ఆ చికిత్సకు లొంగని దశకు చేరినట్టు. నాడిర్ కంటే 25 శాతం, దాంతోపాటు కనీసం 2 నానోగ్రాములు పెరిగి, మూడు వారాల తర్వాత చేసిన రెండో పరీక్షలోనూ అదే తేలితేనే పెరుగుదలగా లెక్కించాలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2008లో సూచించింది. ఒక్క రిపోర్టు చూసి మందు మార్చకపోవడానికి కారణం ఇదే.

పింఛనుదారుల ఊళ్లో

ఈ పరీక్షలు క్రమం తప్పకుండా జరగాలంటే ల్యాబు దగ్గరలో ఉండాలి, ఖర్చు భరించేవారుండాలి. 1981లో హైదరాబాద్‌లో మొదలైన విజయ డయాగ్నస్టిక్ సెంటర్ వంటి ప్రైవేటు ల్యాబులు జంటనగరాల్లో విస్తరించడంతో మొదటిది తీరింది. రెండోది కొలువును బట్టి తీరింది. రైల్వే పింఛనుదారులకు లాలాగూడలోని కేంద్ర ఆసుపత్రి, రిటైరైన వారి ఆరోగ్య పథకం ఉన్నాయి. మాజీ సైనికుల కోసం 2003 ఏప్రిల్‌లో ఈసీహెచ్ఎస్ మొదలైంది. తిరుమలగిరిలో సైనిక ఆసుపత్రి ఎప్పటి నుంచో ఉండగా, ఈ పథకంతో పాలీక్లినిక్‌లు, వాటి నుంచి ప్రైవేటు ఆసుపత్రులకు రిఫరల్ తోడయ్యాయి. సైనిక్‌పురి, బొల్లారం పరిసరాల్లో స్థిరపడిన మాజీ సైనికులకు సూది, పరీక్ష రెండూ జేబు చూసుకోకుండా దొరికే వీలు కలిగింది. 2004లో మినిస్టర్ రోడ్డులో కిమ్స్ రావడం, అలెగ్జాండర్ రోడ్డులోని యశోద ఆసుపత్రి పెరగడం వల్ల ఊళ్లోనే పెద్ద కార్పొరేట్ వైద్యం అందుబాటులోకి వచ్చింది. పింఛనుగాని పథకంగాని లేని కుటుంబాలకు 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆసరా అయింది; క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అందులో చేరాయి.

కొత్త మాత్రలు, కొత్త పరీక్షలు

సూదితో వృషణాల హార్మోన్ ఆగినా అడ్రినల్ గ్రంథులు, చివరికి క్యాన్సర్ కణాలు కూడా కొంత పురుష హార్మోన్ తయారుచేసుకుంటాయి. దాన్ని సైతం ఆపే అబిరాటెరోన్‌కు 2011లో, హార్మోన్ సంకేతం కణానికి అందకుండా అడ్డుకునే ఎంజలుటమైడ్‌కు 2012లో అమెరికా అనుమతి దక్కింది. మొదట చివరి దశకు పరిమితమైన ఈ మందులు 2017 తర్వాత వచ్చిన ఫలితాలతో చికిత్స ఆరంభంలోనే సూదికి తోడయ్యాయి. ఎంజలుటమైడ్ పేటెంటు దరఖాస్తును భారత పేటెంట్ కార్యాలయం 2016లో తిరస్కరించింది. జెనరిక్ కంపెనీల పోటీ, 2019లో 42 క్యాన్సర్ మందుల అమ్మకపు లాభంపై కేంద్రం విధించిన 30 శాతం పరిమితి మందుల ధరల తీరును మార్చాయి. అబిరాటెరోన్ అసలు మోతాదు పరగడుపున 1,000 మిల్లీగ్రాములు. ఆహారంతో కలిపి 250 మిల్లీగ్రాములు తీసుకున్నా పీఎస్ఏ దాదాపు అంతే తగ్గుతుందని 2018లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న పరిశోధన చూపింది. ఖర్చు భరించలేని వారి విషయంలో భారత వైద్యులు దీన్ని పరిగణనలోకి తీసుకుంటున్నారు. మోతాదు మార్పు వైద్యుడు చేయాల్సిందే గాని రోగి సొంతంగా చేసుకునేది కాదు.

మందు పెరిగినకొద్దీ కొలతలూ పెరిగాయి. అబిరాటెరోన్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ వాడాలి; బీపీ, పొటాషియం, కాలేయ పరీక్షలు చూస్తుండాలి. టెస్టోస్టిరాన్ లేకపోవడం వల్ల ఒంట్లో ఆవిర్లు, నీరసం, కండ కరగడం, నడుం చుట్టూ కొవ్వు, లైంగిక వాంఛ తగ్గడం సాధారణం. షుగరు, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయని 2006లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది; 2010లో ఈ సూదుల లేబుళ్లపై హెచ్చరిక చేరింది. షుగరు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో మూడు నెలల సగటు షుగరు పరీక్ష, కొలెస్ట్రాల్, ఎముక సాంద్రతను చూసే డెక్సా స్కాన్ పీఎస్ఏతో సమానంగా అవసరం. క్యాల్షియం, విటమిన్ డి, రోజూ నడక, కండబలం పెంచే వ్యాయామం ఎముక విరగకుండా కాచే సాధనాలు.

పీఎస్ఏకు కూడా ఒక హద్దుంది. కొన్ని క్యాన్సర్లు ముదిరాక పీఎస్ఏను తయారుచేయడం తగ్గిస్తాయి. అంకె తక్కువగానే ఉండి జబ్బు పెరుగుతుంది. అందువల్ల కొత్తగా వచ్చిన నడుం నొప్పి, కాళ్ల బలహీనత, మూత్రం ఆగిపోవడం వంటివి ఉంటే రిపోర్టు బాగున్నా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఎముకల స్కాన్, సీటీ, వీటికంటే సున్నితమైన పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ అలాంటప్పుడు వాడతారు. జబ్బు నిలకడగా ఉన్నవారికి మూడు నుంచి ఆరు నెలలకోసారి పీఎస్ఏ, అవసరాన్ని బట్టి టెస్టోస్టిరాన్, ఏడాదికోసారి గుండె, షుగరు, ఎముకల పరీక్షలు అన్నది నేడు సాధారణంగా పాటిస్తున్న క్రమం.