పుయుర్రు చెలమ

కట్టెలు కాస్త ఎగదోసి కూర్చోండర్రా. వాన కథేగా అడిగారు, చెబుతా. అయితే ఇది మా అమ్మ పుట్టింటివాళ్ళ కథ. దీని బొమ్మ గీసే హక్కు మా మేనమామలది, వాళ్ళు కిర్దా. నేను కుర్దుంగుర్లుని; గీస్తుంటే పక్కన కూర్చుని, గీత తప్పితే తప్పిందని చెప్పాల్సినవాణ్ణి.

ఈ నడి ఆస్ట్రేలియా ఎడారిలో, మన యూయెండుము ఊరికి పడమటన పుయుర్రు ఉంది. పైకి ఉత్త ఎండు వాగు. మోకాళ్ళ మీద కూర్చుని తోడుతూ పోతే ముందు ఇసక చల్లబడుతుంది, తర్వాత నల్లబడుతుంది. అప్పుడు తొందరపడితే గట్టు కూలి గుంటంతా పూడుతుంది. చెయ్యి తీసేసి, నీళ్ళు ఊరేదాకా ఊరుకోవాలి.

జుకుర్‌పా నాడు, అంటే ఈ నేల రూపు దిద్దుకున్న తొలినాళ్ళలో, జంగల వర్గం మగవాళ్ళు ఇద్దరు పాట పాడి వానను లేపారు. అది మిరవర్రి దగ్గర ఇంకో గాలివానతో ఢీకొంది. డేగ వచ్చి వానను పడమటికి ఎత్తుకుపోయింది. పుయుర్రులో నేల తవ్వి పెద్ద నీటిపామును, వర్నయర్రను, పైకి లాగింది. బొమ్మలో వంకర గీతలు పారే నీళ్ళు, పొట్టి గీతలు మబ్బులు, గుండ్రాలు చెలమలు. పిల్లలకి ఇంతవరకే.

ఇలాంటి చెలమల దగ్గరే ఒకప్పుడు రక్తం కూడా పారింది. 1928లో కరువు. ఉన్న కాసిని చెలమల దగ్గరికే తెల్లదొరల పశువులూ చేరాయి, మనవాళ్ళూ చేరారు. యుర్‌కురు చెలమ దగ్గర ఒక దొర చచ్చాడు. ఇక పోలీసు గుర్రాలు దిగాయి. దొరల పశువుల మకాం కోనిస్టన్ చుట్టుపక్కల మనవాళ్ళను 31 మందిని చంపామని సర్కారు రాసుకుంది. మనవాళ్ళ లెక్క దానికి చాలా మించి ఉంటుంది. మా అమ్మ అప్పటికి చిన్నపిల్ల. చెదిరిపోయినవాళ్ళలో చాలామంది ఏళ్ళతరబడి ఆ వైపు తొంగిచూడలేదు.

మరి ఏ చోటు ఎవరిదో పిల్లలకెలా తెలుస్తుంది? అందుకే 1983లో అయిదుగురు పెద్దలు మన స్కూలు తలుపుల మీద ఇలాంటి కథల బొమ్మలేశారు, మొత్తం 30 తలుపులు. అంతకుముందు ఆ బొమ్మలు ఒంటి మీదా, నేల మీదా, రాతి మీదా ఉండేవి. తర్వాత బడిపిల్లలు ఆ తలుపుల మీదే పిచ్చిగీతలు గీశారనుకో. మీ అమ్మనడగండి, ఎవరెవరు గీశారో తనకి బాగా తెలుసు! ఇప్పుడవి అడిలైడ్ మ్యూజియం సొత్తు.

ఆ పాము తర్వాత ఎటు పోయిందంటావా? అది చెప్పాల్సింది మా మామ కొడుకులు. పొద్దున్నే వెళ్ళి అడుగు. ఉత్త చేతులతో వెళ్ళకురా, టీ పొడి పట్టుకెళ్ళు.