‘ప్రిపేర్ అయితుండు’: ఇబ్రహీంపట్నంలో నిరుద్యోగం, ఇంటి లెక్క

హైదరాబాద్ శివారులోని ఇబ్రహీంపట్నం వైపు డిగ్రీ చేతికొచ్చిన కొడుకు ఏం చేస్తున్నాడని అడిగితే, తల్లిదండ్రులు ‘ఖాళీగ ఉన్నడు’ అనరు. ‘ప్రిపేర్ అయితుండు’ అంటారు. ఆ మాటలో పరువుంది, ఆశ ఉంది, బయటికి చెప్పుకోలేని ఖర్చూ ఉంది. నిరుద్యోగాన్ని మనిషి లెక్కన కాక ఇంటి లెక్కన కొలవాలన్నది ఈ వ్యాసం వాదన.

అధికారిక కొలత వేరు. కేంద్రం జరిపే శ్రామిక బల సర్వే (పీఎల్ఎఫ్ఎస్) 2023-24 ప్రకారం దేశంలో నిరుద్యోగ రేటు 3.2 శాతం, 15-29 ఏళ్ల వారిలో 10.2 శాతం. అయితే ఈ ‘సాధారణ స్థితి’ లెక్కలో ఏడాదికి 30 రోజులు ఏదైనా పని చేస్తే చాలు, ఉపాధి ఉన్నట్టే. కూలి ముట్టకున్నా సొంత చేలో చేసిన పని కూడా ఇందులోకి వస్తుంది. పత్తి ఏరే నెలరోజులు తండ్రి వెంట చేనుకు పోయి, మిగతా ఏడాదంతా పోటీపరీక్షల పుస్తకాల ముందు కూర్చునే ఇంజనీరు ఈ లెక్కలో నిరుద్యోగి కాడు.

పనిచ్చే చోటు దూరంగా ఉందా అంటే, అదీ లేదు. సాగర్ రోడ్డు పొడుగునా, శేరిగూడ, మంగళపల్లి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు. ఆదిబట్లలో టీసీఎస్ క్యాంపస్. 2018లో అక్కడే ప్రారంభమైన టాటా బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల ప్రధాన భాగం తయారవుతుంది. అటువంటి చోట కావలసింది యంత్రం మీద చేయి తిరిగిన నైపుణ్యం. పట్టా ఒక్కటే ఆ గేటు దాటించదు.

భూమి సంగతి ఇంకా లోతైనది. వెనకట పట్నంలో పని దొరకని కొడుకు పెద్ద చెరువు ఆయకట్టుకో, బోరు కింది మడికో తిరిగొచ్చేవాడు. ఆ పొలమే అతని నిరుద్యోగ బీమా. ఔటర్ రింగురోడ్డు బొంగులూరు మీదుగా వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి. అమ్మిన డబ్బు ఇల్లయింది, ఫీజయింది, పెళ్లయింది. తిరిగొచ్చే చోటు లేకుండా పోయింది. ప్రభుత్వ బీమా ఉన్నా అది ఇతనికి అందదు: 2018 నాటి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం పోయినవారికే. మొదటి కొలువే దొరకనివాడిని మోసేది ఇల్లే.

ఎంతకాలం మోయాలి? తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రకటించిన 503 గ్రూప్-1 పోస్టులకు దాదాపు 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరు ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. కమిషన్‌కు ఇవి తేదీలు. కుటుంబానికి మాత్రం హైదరాబాద్ కోచింగ్ కేంద్రాల అశోక్‌నగర్‌లో ఇంకో ఏడాది రూము కిరాయి, మెస్సు బిల్లు, కుదవకు పోయిన తల్లి పుస్తెలతాడు. ఊళ్లో మోటారుకో, కిరాణాకో, పాడిగేదెకో పెట్టుబడి కావలసిన సొమ్ము ఎదురుచూపులకు కరిగిపోతుంది. ఆర్థిక వ్యవస్థకు జరిగే నష్టాల్లో అతి తక్కువగా లెక్కకెక్కేది ఇదేనని నా అభిప్రాయం.

ఆడపిల్ల ఎదురుచూపుకు అంత గడువు కూడా ఉండదు. రెండు నోటిఫికేషన్లు తప్పితే సంబంధాలు చూడడం మొదలవుతుంది. పెళ్లయ్యి ఉద్యోగ ప్రయత్నం మానుకుంటే ఆమె శ్రామిక బలం నుంచే బయటికి పోతుంది. నిరుద్యోగ రేటు ఆ మేరకు తగ్గుతుంది కూడా. ఆ తగ్గుదలను ప్రగతిగా చదవడం అన్యాయం.

1930ల తొలినాళ్లలో ఆస్ట్రియాలోని మారియెంతాల్‌లో మిల్లు మూతపడ్డాక యహోడా, లాజర్స్‌ఫెల్డ్, జైసెల్ అనే పరిశోధకులు ఒక విచిత్రం గమనించారు: తీరిక పెరిగింది, గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు తగ్గాయి. ఇక్కడ అందుకు విరుద్ధం. మన పిల్లలు రాత్రింబవళ్లు చదువుతున్నారు. ఆ చదువే ఎదురుచూపు రూపం. కాబట్టి ఇక్కడి సర్వే ఇంటింటికీ అడగవలసినవి వేరే ప్రశ్నలు: ఈ ఇంట్లో ఎన్నేళ్లుగా ఎవరు ప్రిపేర్ అవుతున్నారు? ఆ ఖర్చుకు ఏది అమ్మారు, ఏది కుదువ పెట్టారు? ఎవరి చదువు ఆపారు?