గుండెలోని పరికరం – పేదవాని న్యాయం

1908 మూసీ వరద తర్వాతి కాలంలో నది దక్షిణపు గట్టున హైకోర్టు, ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. రెండింటి మధ్య దూరం వొక వంతెన. కాని పాతబస్తీ రోగి ఆ వంతెన దాటి న్యాయం అడగడానికి చట్టం దశాబ్దాల తరబడి దారి చూపలేదు. గుండెలో అమర్చిన కవాటమో, స్టెంటో లోపభూయిష్టమైతే బాధ్యులెవరు? యీ ప్రశ్నకు వొక చరిత్ర వుంది.

మొదట అమెరికా అనుభవం చూద్దాం. 1979లో వచ్చిన బియర్క్-షైలీ కవాటాన్ని దాదాపు 86,000 మందికి అమర్చారు. అందులోని సన్నని లోహపు కమ్మీ విరిగి మనుషులు చనిపోయారు. 1986లో అమ్మకం ఆగింది. 1992లో న్యాయస్థానం రాజీని ఆమోదించింది. అయితే కవాటం ఎవరి గుండెలో వుందో చాలామంది విషయంలో ఆచూకీయే దొరకలేదు! అమ్మకానికి లెక్క వుంది, ప్రాణానికి లెక్క లేదు. రోగుల ఆచూకీ నమోదును తయారీదారు విధిగా చేసింది 1990 నాటి చట్టం.

మన దేశంలో స్టెంట్లూ, గుండె కవాటాలూ మందుల చట్టం కిందికి వచ్చింది 2005లో. పరికరాల లోపాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2015లో మొదలైంది. లోపమున్న వస్తువుకు తయారీదారు పరిహారమివ్వాలనే అధ్యాయం కొత్త వినియోగదారుల చట్టంతో 2020లో అమలుకొచ్చింది.

కాని వినియోగదారుడెవరు? 1995లో వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరికీ వుచితంగా చేసే వైద్యాన్ని మాత్రం మినహాయించింది. అంటే డబ్బు చెల్లించినవానికి వొక తలుపు, చెల్లించలేనివానికి గోడ! యీ గోడకు చట్టంలోనే వొక సందు వుందని నా వాదన. కొన్నవాని అనుమతితో వస్తువును వాడేవాడూ వినియోగదారుడేనని నిర్వచనం చెబుతుంది. వైద్యం వుచితమే కావచ్చు. పరికరాన్ని ఎవరో డబ్బిచ్చి కొన్నారు గదా! తయారీదారుపై దావాకు రోగి ఎందుకు అనర్హుడు?

యీ వాదన కోర్టులో నిలబడాలంటే వకీలు కావాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షను స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు, కార్మికులకు, తక్కువ ఆదాయంవారికి వుచిత న్యాయసహాయాన్ని హక్కు చేసింది. ఆ కార్యాలయం పురానీ హవేలీ కోర్టు ఆవరణలోనే వుంది. వకీలుకు సాక్ష్యం కావాలి: పరికరం పేరు, వరుస నంబరు, అమర్చిన తేదీ. వాటిని రాసిన కాగితం ఉర్దూలో, తెలుగులో ప్రతి రోగి చేతికీ అందాలని విద్యార్థులూ ఉపాధ్యాయులూ అడగాలి. హక్కు చట్టంలో వుంటే చాలదు. అది రోగి సంచిలో కూడా వుండాలి.